పంపు పోయింది తమ్మీ!

డిసెంబర్ నెలలో తెల్లారగట్ల అయిదింటికి హైదరాబాద్ రహమత్ నగర్ గల్లీలో లారీ మొరాయిస్తే మెకానిక్ కన్నా ముందు పంపన్న వస్తాడు. నెత్తిన మంకీ క్యాప్, మెడకు మఫ్లర్, చేతిలో సగం తాగిన చాయ్. డ్రైవర్ రెండోసారి సెల్ఫ్ కొట్టేలోపే తీర్పు చెప్పేస్తాడు: “పంపు పోయింది తమ్మీ! చలికి డీజిల్ గడ్డకట్టి పంపును తినేసింది.” బానెట్ ఎత్తడు, పొగ వచ్చిందా అని అడగడు, బ్యాటరీ వయసెంతో కనుక్కోడు. ఇలాంటివాడు ఒక్కడే అనుకునేరు, ఇదొక పెద్ద వర్గం. పాత డ్రైవర్ కావచ్చు, టైర్ల కొట్టాయన కావచ్చు, మేకప్ అసిస్టెంటైనా కావచ్చు. కావలసిన అర్హతల్లా పక్కవాడి బండి ఆగిపోవడమే. పైగా ఈ పేటలో ఆయనకు ప్రేక్షకులకు కొదవ లేదు. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, రహమత్ నగర్‌లలో సినిమా పనివాళ్లు ఎక్కువ. జనరేటర్ బండి, లైట్ల బండి, కాస్ట్యూమ్స్ బండి పొద్దు పొడిచేసరికి లొకేషన్‌లో ఉండాలి. లేకపోతే ప్రొడక్షన్ మేనేజర్ ఫోన్లు మొదలవుతాయి. ఆ ఫోన్లకు ఏదో ఒక జవాబు కావాలి. పంపన్న దగ్గర అది ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

పంపన్నను అజ్ఞాని అనడం తొందరపాటు. ఆయన పేర్లు చెప్పే భాగాలన్నీ బండిలో ఉన్నవే, వాటి పనులూ ఆయనకు తెలుసు. చిక్కంతా వరసలో ఉంది. ముందు ఇంజన్‌కు డీజిల్ అందించే పంపు అంటాడు. పంపు బాగానే ఉందంటే నాజిళ్లు. అవీ కావంటే రింగులు అరిగాయి. ఆపైన హెడ్ దింపాలి, ఆఖరికి బోర్ కొట్టించాలి. ఈ జాబితాలో వేలకు తక్కువయ్యే పని ఒక్కటీ ఉండదు. వదులైన బ్యాటరీ టెర్మినల్, తుప్పుపట్టిన ఎర్త్ వైరు, పైపు కొసన నలిగిన రాగి వాషర్, ఫిల్టర్‌లో చేరిన నీళ్లు పొరపాటున కూడా ఆయన నోట రావు. దీనికి కారణం ఈ పేట గాలిలోనే ఉందని నా వాదన. హీరో ఎంతటివాడో విలనూ అంతటివాడై ఉండాలని ఇక్కడ చాయ్ బండి దగ్గర నిలబడ్డ ప్రతివాడికీ తెలుసు. యూనిట్ మొత్తాన్ని రోడ్డున పడేసిన ఆపదకు నలిగిన వాషర్ కారణమంటే కథ చప్పబడిపోతుంది. అందుకే పంపన్న లోపాన్ని వెతకడం మానేసి, ఆపద స్థాయికి తగ్గ విలన్‌ను ఎంపిక చేస్తాడు. చలి ఆ విలన్ పక్కన నిలబడే అనుచరుడు.

ముందు ఆ అనుచరుణ్ణే విచారిద్దాం. డీజిల్‌లో మైనం ఉంటుందని, చలికి అది పలుకులు కట్టి ఫిల్టర్‌ను మూసేస్తుందని చెప్పే మాట నిజమే. ఎంత చలికి అన్నదే అసలు ప్రశ్న. మన దేశపు ప్రమాణాల ప్రకారం నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అమ్మే డీజిల్ 6 డిగ్రీల చలిలోనూ ఫిల్టర్ గుండా పారాలి. హైదరాబాద్‌లో డిసెంబర్ రాత్రులు మామూలుగా 15 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటాయి. 1946 జనవరిలో నమోదైన 6.1 డిగ్రీల రికార్డు చలి మళ్లీ వచ్చినా డీజిల్ వెంట్రుకవాసిలో గట్టెక్కుతుంది. అది నిజంగా గడ్డకట్టే చోటు లద్దాఖ్. అక్కడి కోసం 2019లో ఇండియన్ ఆయిల్ సంస్థ మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక డీజిల్‌ను తెచ్చింది. అలాంటిది రహమత్ నగర్‌కూ కావాలని పంపన్నకు తప్ప ఎవరికీ తట్టలేదు.

అలాగని చలికి ఏ పాపమూ అంటదనలేం. డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని సుమారు పదిహేడో వంతుకు నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఇందుకు ఇంజన్ చురుగ్గా తిరగాలి. నెమ్మదిగా తిరిగితే నొక్కిన గాలి రింగుల సందుల్లోంచి జారిపోతుంది, పుట్టిన వేడిని చల్లటి ఇనుము లాగేసుకుంటుంది. చలికి ఇంజన్ ఆయిల్ చిక్కబడి తిప్పడం బరువవుతుంది, సరిగ్గా అప్పుడే బ్యాటరీ సత్తువ తగ్గుతుంది. అంటే అక్టోబర్‌లోనే సగం చచ్చిన బ్యాటరీని డిసెంబర్ బయటపెడుతుంది, అంతే.

కాబట్టి పరీక్ష చెవితో మొదలవ్వాలి. సెల్ఫ్ కొడితే టక్కుమని ఒక్క చప్పుడు చేసి ఊరుకుందా, మూలుగుతూ తిరిగిందా, చురుగ్గా తిరిగి కూడా అంటుకోలేదా? మొదటి రెండింట్లో ముందు అనుమానించాల్సింది కరెంటును. లారీకి 12 వోల్టుల బ్యాటరీలు రెండు ఉంటాయి. నిండుగా ఉంటే ఒక్కోటి 12.6 చూపాలి, సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కన్నా దిగకూడదు. అవి బాగుండీ బండి మూలుగుతుంటే టెర్మినల్ మీద చుట్టిన జిడ్డుగుడ్డ తీసి చూడాలి. దాని కింద తెల్లగా, అంచుల్లో పచ్చగా పొడి పేరుకుని ఉంటుంది. వేడినీళ్లలో వంటసోడా కలిపి పోస్తే బుసబుస పొంగి కరిగిపోతుంది, అడుగున సీసం కనిపిస్తుంది. క్లాంపు చేత్తో తిప్పితే తిరిగిందా, నేరస్థుడు దొరికినట్టే. ఎర్త్ వైరు ఛాసిస్‌కు బిగించిన చోటునూ ఇలాగే గీకి చూడాలి.

చురుగ్గా తిరిగీ అంటుకోకపోతే సైలెన్సర్ వైపు చూడాలి. తెల్లపొగ వస్తే డీజిల్ లోపలికి చేరుతోంది, వేడి చాలడం లేదు. హీటర్ ప్లగ్గులున్న బండైతే ముందు వాటిని చూసి, ఆ తరవాతే కంప్రెషన్ దగ్గరికి వెళ్లాలి. పొగే రాకపోతే డీజిల్ అందడం లేదు. ఈ పేటకు బాగా సరిపోయే కారణం ఒకటి ఇక్కడుంది. ఇవి గుట్టల మీద లేచిన బస్తీలు, గల్లీలు ఏటవాలు. రాత్రి బండిని ముక్కు పైకి పెట్టి ఆపితే, పైపు బిగింపులో సన్నటి సందున్నా చాలు, గాలి చొరబడి డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారుకుంటుంది. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి చేతిపంపు కొడితే ముందు నురగ వస్తుంది. నురగ పోయి నిండుధార కట్టాక స్క్రూ బిగిస్తే బండి లేస్తుంది. ఈ జబ్బు మే నెలలోనూ వస్తుంది. అప్పుడు చలిని తిట్టే వీలుండదు గనక పంపన్న నేరుగా పంపు దగ్గరికే వెళతాడు.

ఆయన తరఫున మూడు మాటలు వాదించవచ్చు. పంపులు నిజంగానే పోవా, రింగులు నిజంగానే అరగవా? ఎందుకు అరగవు. అయితే అరిగే ఇంజన్ నెలల ముందే ఆయిల్ తాగుతుంది, ఎక్కుడు దగ్గర నీరసపడుతుంది, పొగ కక్కుతుంది. నిన్న రాత్రి దాకా ఒక్క మాటా అనిపించుకోని బండి తెల్లారేసరికి పంపు పోగొట్టుకోవడం అరుదు. మరి షూటింగులకు లంబసింగి, అరకు వెళ్లే బండ్ల సంగతి? అక్కడ చలి ఎక్కువే. అంతదాకా ఎందుకు, వేసవి డీజిల్‌కు ఫిల్టర్ గుండా పారే హద్దు 18 డిగ్రీలు గనక, నెలల తరబడి కదలని జనరేటర్ బండి ట్యాంకులో పాత డీజిల్ మిగిలి ఉంటే హైదరాబాద్‌లోనైనా చిక్కు రావచ్చు. ఇక్కడ రోజూ పోయించుకుని తిరిగే లారీకి ఈ మినహాయింపు చెల్లదు. చెల్లిన చోట కూడా కొత్త ఫిల్టర్, కొత్త డీజిల్ చాలు, పంపు విప్పక్కర్లేదు. ఇక మూడోది, 2020లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక అంతా కంప్యూటర్ల మయం, పాత పరీక్షలు పనికిరావు అనేది. పంపన్న కూడా కాలంతో మారి “సెన్సార్ పోయింది తమ్మీ” అంటున్నాడు. కానీ వోల్టేజీ పడిపోతే ముందు కలవరపడేది ఆ కంప్యూటరే. అక్కడా మొదట చూడాల్సింది బ్యాటరీనే.

ఇన్నిసార్లు గురితప్పిన మనిషి మాట ఇంకా ఎలా చెల్లుతోంది? ఆయన చెప్పినట్టు చేస్తే బండి స్టార్టవుతుంది గనక! మెకానిక్ పంపు విప్పే ముందు జాగ్రత్తగా బ్యాటరీ వైరు తీస్తాడు, పనయ్యాక దాన్ని గీకి గట్టిగా బిగిస్తాడు. పంపు విప్పినందుకు లైన్లో గాలి చేరుతుంది, చేతిపంపు కొట్టి దాన్నీ తీస్తాడు. ఆపాటికి ఎండెక్కుతుంది. అసలు మందులన్నీ పడ్డాయి, పేరు మాత్రం పంపుకొచ్చింది. రోగం కుదిరాక వైద్యాన్ని శంకించేదెవరు? ఈలోగా జరిగే నష్టం లెక్కలోకి రాదు. సెల్ఫ్‌ను ఒక విడతలో 10, 15 సెకన్లకు మించి కొట్టకూడదు, నడుమ ఒకటి రెండు నిమిషాలు ఆపాలి. “ఆపకు, కొట్టు కొట్టు” అనే ఉత్సాహం సెల్ఫ్ మోటారును కాల్చేస్తుంది. ట్యాంకు కింద కిరసనాయిలు గుడ్డ వెలిగించమనే సలహా అయితే బండినే కాల్చేయగలదు.

అయినా పంపన్నను గల్లీ నుంచి తరిమేయమనను. బండి తోయాల్సి వస్తే ముందు భుజం పెట్టేది ఆయనే. ఆయనకో పని అప్పగిస్తే సరి. సైలెన్సర్ వెనక నిలబడి పొగ రంగు చెప్పాలి. రంగు చెబితే చాలు, కారణం చెప్పనక్కర్లేదు. డ్రైవర్ మీటరు పట్టుకుంటాడు, క్లీనర్ టెర్మినల్ బిగిస్తాడు, ఇంకొకడు చేతిపంపు కొడతాడు. మొత్తం కలిపి పది నిమిషాల పని. ఈ పద్ధతిలో లోపం ఒక్కటే, చూడ్డానికి జనం పోగవరు.