ఖర్చు కాని వంద

మా టంకశాలలో ఒకే బొమ్మతో రెండు రకాల నాణేలు పుడతాయి. ఒకదాన్ని ప్రూఫ్ అంటారు, రెండోదాన్ని యూఎన్‌సీ (అన్‌సర్క్యులేటెడ్) అంటారు. నేను రెండో రకం. ప్రూఫ్ పిల్లకు జరిగే ముస్తాబు చూస్తే మీకు నవ్వొస్తుంది. అచ్చు పడకముందే బిళ్ళకు మెరుగు పెడతారు. అచ్చుకు అంతకన్నా ఎక్కువ మెరుగు. ఒక దెబ్బతో సరిపెట్టక మళ్ళీ కొడతారు, గీత గీతకూ లోహం నిండాలని. చివరికి చుట్టూ ఖాళీ జాగా మొహం చూసుకునేంత నున్నగా తయారవుతుంది, బొమ్మ మాత్రం మెరుపు లేని తెలుపులో పైకి తేలుతుంది. నాకు ఇంత వైభోగం జరగలేదు. అచ్చు కింద పడ్డాను, శుభ్రంగా లేచాను, చెయ్యి తగలకుండా అట్టలోకి వెళ్ళాను. అంతే.

మా హైదరాబాద్ టంకశాల చిన్నదేం కాదు. 1803లో నిజాం సికందర్ జా కాలంలో మొదలైంది, 1903లో సైఫాబాద్‌కు మారింది, 1950లో కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చింది, 1997లో చర్లపల్లిలో కొత్త కార్ఖానా పెట్టుకుంది. మీ జేబులో చిల్లర ఉంటే తీసి, సంవత్సరం కింద చూడండి. బుల్లి నక్షత్రం కనిపిస్తే అది మా చుట్టమే. వజ్రం ఉంటే ముంబయిది, చుక్క ఉంటే నోయిడాది. కలకత్తా వాళ్ళు అసలు గుర్తే వేసుకోరు. పాత జమీందార్లు, పేరు చెప్పుకోవాల్సిన పని వాళ్ళకేంటి! ఆ మాటకొస్తే బందరులో కూడా మొగలుల నాటి నుంచి కంపెనీ నాటి దాకా నాణేలు కొట్టారు. కాబట్టి తర్వాత కృష్ణా తీరంలోని బెజవాడకు రావడం నాకు పరాయి ఊరు రావడం కాదు.

నా మీద ఉన్న బొమ్మ నందమూరి తారక రామారావుది. 1923 మే 28న నిమ్మకూరులో పుట్టి, బెజవాడ ఎస్సారార్ కాలేజీలో చదివిన మనిషి. శతజయంతికి కేంద్రం 100 రూపాయల నాణెం వేసింది. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపదీ ముర్ము విడుదల చేశారు. మొదటి విడత 12 వేలు. అప్పట్లో చెక్క డబ్బాలో అయితే 4,850 రూపాయలు, ప్రూఫ్ అట్టలో 4,380, నాలాంటి యూఎన్‌సీ అట్టలో 4,050. సరిగ్గా ఆయన నూరేళ్ళు నిండిన రోజునే ఢిల్లీలో కొత్త పార్లమెంటు భవనం తెరిచి 75 రూపాయల నాణెం కూడా వదిలారు. దానిదీ నాదీ ఒకే కొలత, ఒకే లోహం. బొమ్మ, అంకె మాత్రమే తేడా.

75 ఏంటి అని ఆశ్చర్యపోకండి. మా సెట్ల లోకంలో అంకెలకు అంగడి లెక్క పట్టదు. తంజావూరు బృహదీశ్వరాలయానికి వెయ్యేళ్ళు నిండాయని 1,000, కలకత్తా టంకశాలకు అరవై ఏళ్ళని 60, గురునానక్ 550వ జయంతికి 550. వీటిలో ఒక్కటి కూడా ఏ కిరాణా కొట్టు గల్లాలోనూ పడలేదు. పడాలని ఎవరూ అనుకోలేదు కూడా.

నన్ను కొన్నది బెజవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ మేస్త్రి. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు వరసలో నిలబడి తెచ్చిచ్చాడు. "వంద రూపాయల బిళ్ళకి నాలుగు వేలేంటండీ? గవర్నమెంటు కూడా బ్లాకులో అమ్ముతోందా?" అంది అమ్మగారు. "ఎన్టీవోడి బొమ్మే!" అన్నాడాయన. ఆ వయసు వాళ్ళకు ఆ ఒక్క జవాబు చాలు. ఆవిడ మాత్రం ఊరుకోలేదు. "కరిగిస్తే ఓ జత పట్టీలకైనా వస్తుందా?" అని అడిగింది. నా బరువు 35 గ్రాములు. అందులో సగం, అంటే పదిహేడున్నర గ్రాములు, వెండి. 14 గ్రాములు రాగి. మిగిలిన మూడున్నరలో నికెల్, జింకు చెరి సగం. పట్టీల సంగతి అలా ఉంచితే, నాణేన్ని కరిగించడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం. అంచేత నా ప్రాణానికి ఢోకా లేదు.

మేస్త్రికి నాణేల సంగతి తెలియదు గానీ ఇనుము సంగతి తెలుసు. మొదటి రోజు సాయంత్రమే అట్ట విప్పి, గ్రీజు మరకలున్న వేళ్ళతో నన్ను బయటికి తీశాడు. వెర్నియర్ తెచ్చి అడ్డంగా పట్టాడు. "నలభై నాలుగు, కరెక్టు," అన్నాడు. గోటితో నా అంచు మీద రాసుకుంటూ ఒక చుట్టు తిరిగాడు. అక్కడ సన్నటి గాట్లు 200 ఉంటాయి. "చూశావా, పన్ను పన్నుకీ ఎడం సమానం. డై బాగా కట్టారు," అని పక్కనున్న కుర్రాడికి చూపించాడు. నాకున్న మొదటి గీత ఆ వెర్నియర్ దవడదే. నిజం చెప్పొద్దూ, నన్ను చేసినవాళ్ళ పనితనాన్ని పనివాడి కన్నుతో చూసింది ఆయనొక్కడే. ఒక్క విషయంలో మాత్రం అలిగాడు. పేరంతా హిందీ అక్షరాల్లో ఉంది. తెలుగువాళ్ళ ఆత్మగౌరవం అంటూ ఊరూరా తిరిగినాయన బొమ్మ పక్కన తెలుగు ముక్క ఒక్కటీ లేకపోతే ఎలాగన్నాడు. ఆ మాటకు నేనూ తలవంచుకున్నాను.

ఆ తర్వాత అమ్మగారు నాకు పూజగదిలో చోటిచ్చింది. మాయాబజార్ కృష్ణుడికి దణ్ణం పెట్టుకున్న తరం కదా, శుక్రవారం శుక్రవారం కుంకుమ బొట్టు పెట్టేది.

ఈ సంగతి సత్యనారాయణపురం నుంచి వచ్చే ఒక రిటైర్డ్ రైల్వే గుమాస్తాగారి కంటపడింది. ఆయనకు నాణేల పిచ్చి. ఇంట్లో 1969 నాటి గాంధీగారి శతజయంతి ప్రూఫ్ సెట్ ఉందట. అందులో పది రూపాయల వెండి నాణెం మీద ముంబయి వాళ్ళు మామూలుగా వేసే వజ్రం లేదు, దాని బదులు 'బి' అనే ఇంగ్లీషు అక్షరం ఉంది. అదే టంకశాల, అదే ఏడాది, గుర్తు మాత్రం వేరు. ఆ ఒక్క అక్షరాన్ని భూతద్దంలో చూపించి గంటసేపు మాట్లాడగలరు. నాణేలు పోగుచేసేవాళ్ళ కులానికి తేడాయే దేవుడు. ఎంత చిన్న తేడా అయితే అంత పెద్ద మురిపెం.

బజారులో ఇదంతా తలకిందులు. పూజగదిలో నా పక్కనే ఒక పది రూపాయల నాణెం ఉండేది. కాళేశ్వరరావు మార్కెట్‌లో కూరగాయలమ్మి వద్దంది, ఆటోవాడు వద్దన్నాడు, చివరికి దేవుడి దగ్గరికి చేరింది. దాని నేరం ఏంటంటారా? రూపాయి గుర్తు లేదు, గీతలు పది బదులు పదిహేను ఉన్నాయి. 2011 నుంచి రూపాయి గుర్తు వచ్చింది, గీతలు తగ్గాయి. పాతవి దొంగవని ఎవడో అన్నాడు, ఊరంతా నమ్మేసింది. పది రూపాయల నాణేలు 14 రకాలున్నాయి, అన్నీ చెల్లుతాయి అని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటన ఇచ్చింది. కూరగాయలమ్మి రిజర్వు బ్యాంకు ప్రకటనలు చదవదు. అట్టలో పెట్టి అమ్మితే ఏ తేడాకు మర్యాద దొరుకుతుందో, చేతిలో పెడితే అదే తేడాకు అనుమానం దొరుకుతుంది. తిరగడానికే పుట్టిన ఆ పదిని తిరగనివ్వలేదు, తిరగడానికి పుట్టని నన్నేమో పది మందీ చేత్తో పట్టుకున్నారు.

మొన్న గుమాస్తాగారు వచ్చినప్పుడు ఆ పదిని చూసి ఎగిరి గంతేశారు. "ఇది ఇక్కడెందుకుంది మేస్త్రీ?"

"ఎవడూ తీసుకోవట్లేదు గురువుగారూ."

"నాకివ్వు," అని పది రూపాయల నోటు తీసిచ్చి, నాణేన్ని చొక్కా జేబులో వేసుకున్నారు. అమ్మగారికి ఆశ పుట్టింది. "మరి దీన్ని కూడా తీసుకోరాదూ అన్నయ్యగారూ, ఎంతిస్తారు?" అని నన్ను ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన నన్ను వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పారు. కుంకుమ చూశారు, గ్రీజు చూశారు, వెర్నియర్ గీత దగ్గర ఆగిపోయారు.

"వందిస్తానమ్మా," అన్నారు.