పోర్టు రైలు: చెవిన వేసుకోకూడని సలహాలు

పొలం గట్ల మీద సర్వే రాళ్లు పడ్డ వారం నుంచే ఊళ్లో సలహాలిచ్చేవాళ్లు ఎక్కువవుతారు. కొత్త పోర్టుకు రైలు మార్గం వస్తుందంటే చెప్పనే అక్కర్లేదు. చాలామంది మంచి మనసుతోనే చెబుతారు, అయినా ఆ మాటలు తప్పే. నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లు కాలువ గట్ల మీద తిరిగినవాణ్ణి. అలాంటి మాటలు నమ్మిన రైతుల చేలల్లో నీళ్లు వారాల తరబడి నిలవడం కళ్లారా చూశాను. అందుకే రాస్తున్నాను.

"రైలుకు పర్యావరణ అనుమతే అక్కర్లేదంట, ఇంక అడిగేదేముంది?" అందరూ ముందు చెప్పేది ఇదే. ఇందులో సగం నిజముంది. 2006 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ జాబితాలో పోర్టులున్నాయి, హైవేలున్నాయి, రైలు మార్గాలు లేవు. పెద్ద లోపమిది, సరిదిద్దాల్సిందే. కానీ పోర్టుకు అనుమతి కావాలి కదా! ప్రాజెక్టు వల్ల కొత్త రోడ్లు, రైలు మార్గాలు వస్తాయా అని ఆ దరఖాస్తులోనే ఒక ప్రశ్న ఉంది. కాబట్టి లైను గురించి అడగాల్సిన చోటు పోర్టు మీద జరిగే ప్రజాభిప్రాయ సేకరణ. బొగ్గు ఏ దారిన పోతుంది, రోజుకెన్ని గూడ్సు రైళ్లు, వ్యాగన్ల మీద టార్పాలిన్ కప్పుతారా, అన్నీ అక్కడే అడగండి. లైను అడవిని తాకితే అటవీ అనుమతి, అభయారణ్యంలోకి పోతే వన్యప్రాణి బోర్డు అనుమతి, మడ అడవినో ఉప్పుటేరునో దాటితే తీరప్రాంత అనుమతి వేరుగా తెచ్చుకోవాలి. పోర్టు లైను అంటే అంతా బల్లపరుపు నేలే అనుకోకండి. ఓబులవారిపల్లె నుంచి కృష్ణపట్నం వైపు వేసిన లైను వెలిగొండలను ఆరున్నర కిలోమీటర్లకు పైగా సొరంగంలోనే దాటుతుంది.

"ముందు ఎకరానికి రేటు తేల్చుకోండి, నీళ్ల సంగతి తర్వాత చూద్దాం" అనేది అన్నిటికన్నా చెడ్డ సలహా. రేటు అందేది లైను కింద భూమి పోయినవాళ్లకే. ముంపు వచ్చేది కట్టకు ఎగువన ఉన్న వాళ్లందరికీ. తీరప్రాంతంలో నేల వాలు చాలా తక్కువ. అక్కడ వాలుకు అడ్డంగా మట్టికట్ట పోసి, తూములు చాలినన్ని పెట్టకపోతే కట్టే ఆనకట్ట అవుతుంది. వరి మూడు రోజులు మునిగితే తేరుకోవచ్చు, పది రోజులు మునిగితే కుళ్లిపోతుంది. అండర్‌బ్రిడ్జీలు వానాకాలమంతా చెరువుల్లా ఉంటాయి, ట్రాక్టరు పోదు, బడిపిల్లలు పోరు.

నీళ్లు కట్టను వదిలిపెడతాయనీ అనుకోవద్దు. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర జరిగింది మనవాళ్లు మరవకూడదు. చెరువు తెగి వచ్చిన వరద పట్టాల కింది మట్టిని కోసుకుపోయింది. డెల్టా ప్యాసింజరు అందులో పడి వందమందికి పైగా చనిపోయారు. కాబట్టి పోర్టు పర్యావరణ ప్రభావ నివేదికలో మొదట చూడాల్సిన పేజీ తూముల పట్టిక. ఒక్కో తూము ఎక్కడ, వెడల్పెంత, ఎన్నేళ్లకోసారి వచ్చే వరదకు లెక్కగట్టారు, ఎగువ చెరువులు తెగితే వచ్చే నీళ్లు లెక్కలో ఉన్నాయా? మీ ఊరి డ్రెయిను పేరు అందులో కనిపించకపోతే వెంటనే రాసివ్వండి. 1977 ఉప్పెన నీళ్లు ఏ గోడ మీద ఎంతవరకు వచ్చాయో మీ ఊరి పెద్దలకు గుర్తుంటే, ఆ గుర్తును ఫొటో తీసి జతచేయండి.

"మీటింగును బహిష్కరిద్దాం, జనం లేకపోతే అదే ఆగిపోతుంది." ఆగదు. ఇంతమంది రావాలన్న కోరం నిబంధన ప్రజాభిప్రాయ సేకరణకు లేదు. మీరు పోకపోతే అభ్యంతరాలు ఏమీ లేవనే రాసుకుపోతారు. కనీసం ముప్పై రోజుల ముందు పత్రికల్లో నోటీసు వేయాలి. నివేదిక సారాంశం తెలుగులోనూ ఉండాలి, కలెక్టరేటులోనూ పంచాయతీలోనూ చూసుకోవచ్చు. వచ్చిన ప్రతి మనిషికీ అడిగే హక్కుంది. చివర్లో ఎవరేం అన్నారో తెలుగులో చదివి వినిపించాకే కలెక్టరు తరఫున సంతకం పడాలి. భోజనాలు పెట్టగానే లేచిపోకండి. మీ మాట రికార్డులో ఉందో లేదో తెలిసేది ఆ ఆఖరి అరగంటలోనే.

అసలు రైలే వద్దని పట్టుబట్టమనే వాళ్లూ ఉంటారు. పోర్టు కట్టాక రైలు లేకపోతే ఆ బొగ్గు, ఆ ఖనిజం లారీల్లో మీ వీధి మీదుగానే పోతాయి. నా మటుకు రైలే మేలు. ఎటు నుంచి, ఎంత ఎత్తు కట్ట మీద, ఎన్ని తూములతో అన్నదే తేలాలి.

"పై నుంచి అనుమతి వచ్చాక చేసేదేం లేదు" అనే మాటా నిజం కాదు. గోవాలో మోర్ముగావ్ పోర్టు నుంచి కర్ణాటకకు బొగ్గు తీసుకెళ్లే మార్గాన్ని డబ్లింగ్ చేయడానికి వన్యప్రాణి బోర్డు స్థాయీ సంఘం అనుమతిచ్చింది. జనం రాత్రిపూట పట్టాల మీద కూర్చున్నారు, కోర్టుకూ వెళ్లారు. 2022 మే 9న సుప్రీంకోర్టు ఆ అనుమతిని కొట్టేసింది.

పర్యావరణ అనుమతి మీద హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి గడువు ముప్పై రోజులు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే మరో అరవై. రైల్వే చట్టం కింద భూసేకరణ నోటిఫికేషన్ వస్తే అభ్యంతరం చెప్పడానికీ ముప్పై రోజులే. నోటిఫికేషన్ వెలువడిన తేదీని పంచాయతీ ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.