మోటారు కట్టెయ్యండి!

2009 అక్టోబరులో కృష్ణకు వరదొచ్చినప్పుడు బెజవాడలో ఎవరి నోట విన్నా బ్రహ్మంగారి కాలజ్ఞానమే. కృష్ణమ్మ పొంగి కొండ మీది దుర్గమ్మ ముక్కుపుడకను అందుకుంటుందట. మా అమ్మ దణ్ణాలు పెట్టుకుంటుంటే నేను నవ్వాను. చదువుకున్నవాణ్ణి కదా! మరుసటి నెలలోనే ‘2012’ అనే హాలీవుడ్ సినిమా వచ్చింది. సముద్రం హిమాలయాల మీద పొర్లిపడుతుంటే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని చూశాను. ఇంద్రకీలాద్రి మీదికి నీళ్లొస్తాయంటే మూఢనమ్మకం, హిమాలయాలు మునుగుతాయంటే సైన్సు!

అప్పట్నుంచి వరదంటే నా బుర్రలో ఆ సినిమానే. ఆకాశమంత అల, చెవులు చిల్లులు పడే హోరు, పరుగులు తీసే జనం. అమ్మది దివిసీమ. 1977 నవంబరు ఉప్పెన గురించి ఆవిడ చెప్పేదల్లా చీకటి, గాలి, ఉప్పు బురద, ఎన్నాళ్లకూ పోని కంపు. ఇందులో చూడ్డానికేముంది అనుకునేవాణ్ణి.

2024 ఆగస్టు ఆఖరి రాత్రి టీవీ ముందు నుంచి కదల్లేదు. ప్రకాశం బ్యారేజీ గేట్ల కింద సుడులు తిరిగే ఎర్రనీళ్లు, యాంకరు కేకలు. మా ఇల్లు సింగ్‌నగర్ వైపు. “నది ఎక్కడో ఉంది, మనకేం కాదు, పడుకో” అని మా ఆవిడకు భరోసా కూడా ఇచ్చాను. ఊరికి వెనకవైపు బుడమేరు ఒకటుందనీ, దానికి గట్లుంటాయనీ, అవి తెగుతాయనీ తట్టలేదు. మామూలు రోజుల్లో అది మురుక్కాలవ. దాన్నెవరు సినిమా తీస్తారు?

తెల్లవారుజామున బాత్రూమ్ తూములో గుడగుడమంది. లేచేసరికి హాల్లో పాదాలు మునిగేంత నీళ్లు, నా చెప్పు గుమ్మం దగ్గర తేలుతోంది. చప్పుడు లేదు, అల లేదు. నాకు తట్టింది ఒక్కటే. మేడ మీదివాళ్లు మోటారు వేసి మర్చిపోయారు! మెట్ల కింద నిలబడి అరిచాను. “మోటారు కట్టెయ్యండి, ఇల్లంతా నీళ్లు!”

“కరెంటు పోయి గంటైంది కదండీ బాబాయిగారూ” అంది పైనుంచి ఆ అమ్మాయి.

కాసేపటికి మోకాళ్లు, ఆపైన నడుము. గ్యాస్ బండ తేలింది. నేను తిట్టిపోసినవాళ్ల ఇంట్లోనే తలదాచుకున్నాం. వాళ్ల అన్నమే తిన్నాం.

ఫోన్లో మిగిలిన కాస్త చార్జింగునూ వీడియో తియ్యడానికి తగలేశాను. డాలస్‌లో ఉన్న అన్నయ్య కొడుక్కి పంపితే, “నీళ్లు కదలట్లేదేంటి బాబాయ్?” అన్నాడు. నాకూ నామోషీ అనిపించింది. పాల ప్యాకెట్లు వదిలే హెలికాప్టరు వచ్చేదాకా డాబా మీద కాచుక్కూచుని, దాని రెక్కల గాలికి నీళ్లు లేచేటప్పుడు మళ్లీ తీసి పంపాను. ఆ వీడియో వాడికి బాగా నచ్చింది.