సేవ ఫాస్టాగ్

ఇందల్వాయి టోల్‌ప్లాజా దగ్గర చాయ్ తాగుతుంటే పుట్టపర్తి సత్యసాయి బాబా మాట వచ్చింది. "ఆ గాల్లోంచి విభూతి తీసే సంగతేంది కాకా?" అన్నానో లేదో, కాకా గ్లాసు కింద పెట్టి ఉరిమాడు: "అనంతపురానికి నీళ్లిచ్చిండు, దవాఖాన కట్టిండు. నువ్వేమిచ్చినవ్?" నేను ఇద్దరి చాయ్ పైసలు ఇచ్చాను.

ఈ వాదన ఫాస్టాగ్‌లాంటిది. అద్దానికి 'సేవ' అని అంటించుకుంటే చాలు, గేటు దానంతటదే లేస్తుంది. బండిలో ఏముందని ఎవరూ అడగరు.

మేలు జరిగిన మాట నిజమే. 1991లో పుట్టపర్తిలో తెరిచిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో పైసా తీసుకోకుండా గుండె ఆపరేషన్లు చేశారు. ఆ దశకంలోనే అనంతపురం జిల్లాలో 700కు పైగా ఊళ్లకు తాగునీరు అందింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం వంగిన మనిషి ముందు దాన్ని చులకన చేసేంత పొగరు నాకు లేదు.

అయితే ఒక్క చిత్రం చూడండి. గాల్లోంచి ఉంగరం తీయడానికి బాబా చెయ్యి తిప్పితే సరిపోయింది. నీళ్లకు మాత్రం ఎల్ అండ్ టీ కంపెనీ రావాల్సి వచ్చింది: కందకాలు, పైపులు, పంపులు, భక్తుల విరాళాలు. ఏ పని ఇంజనీరుకు అప్పజెప్పాలో బాబాకూ తెలుసన్నమాట! మన పసుపు రైతుకైతే పుట్టుకతోనే తెలుసు. తొమ్మిది నెలలు పెంచి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పట్టిస్తేనే సరుకు నిజామాబాద్ యార్డుకు చేరుతుంది. గాల్లోంచి ఒక్క కొమ్మూ రాలదు. రాలేటట్టయితే, 2019 ఎన్నికల్లో నిజామాబాద్‌లో 170 మందికి పైగా రైతులు ధర కోసం నామినేషన్లు వేసేవాళ్లే కాదు.

1976లో బెంగళూరు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ హెచ్. నరసింహయ్య మహిమలను పరీక్షించడానికి కమిటీ వేసి, బాబాకు ఉత్తరాలు రాశారు. జవాబు రాలేదు. బాబా పోయాక, 2011 జూన్‌లో ఆయన నివాసం యజుర్మందిరం తెరిస్తే 98 కిలోల బంగారం, 307 కిలోల వెండి, 11.56 కోట్ల నగదు లెక్కకొచ్చాయి. అదేమిటని అడిగితే మళ్లీ అదే జవాబు: నీళ్లిచ్చాడు కదా!

మా పక్కనే సిర్నాపల్లిని ఏలిన జానకీబాయి చెరువులు తవ్వించిందని ఈ ప్రాంతం ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ తల్లి పేరు నిలవడానికి విభూతి అవసరం పడలేదు.

మేలు చేసినవాళ్లకు దండం పెడదాం. కానీ టోల్‌గేటు దగ్గర కట్టిన నాలుగు రూపాయలకే రసీదు అడిగే జనం మనం. కోట్ల విరాళాలకు లెక్క అడిగితే పాపం అంటుకోదు కాకా.