నిప్పెరుగని పొగగొట్టము

నేనొక పొగగొట్టమును, అయినను నా క్రింద ఏనాడును పొయ్యి రాజలేదు, నా తలమీదుగా పొగ వెడలలేదు. అమెరికాలోని అయోవా రాష్ట్రమున, నేషనల్ అను చిన్న గ్రామములో, 1915వ సంవత్సరమున ఆల్థియా షెర్మన్ అను విదుషి 28 అడుగుల ఎత్తు, 9 అడుగుల చదరము గల కొయ్య గోపురమును కట్టించి, దాని గర్భమున రెండడుగుల చదరపు గొట్టమును పైనుండి 14 అడుగుల లోతునకు దింపించి, ఆ గొట్టము చుట్టును మెట్లును, గోడలలో కన్నానించి చూచుటకు రంధ్రములను ఏర్పరపించెను. ఇంత కర్చు పిట్టలకొరకా యని ఇరుగుపొరుగులు ముక్కుమీద వ్రేలు వేసికొనియుందురు.

ఆ పిట్ట పేరు చిమ్నీ స్విఫ్టు. కొమ్మపై వాలుట దాని పాదములకు చేతగాదు. నిలువు గోడను గోళ్లతో పట్టుకొని, తోక చివరి బిరుసైన ములుకులను ఆనించుకొని వ్రేలాడుటయే దానికి విశ్రాంతి. పూర్వము అరణ్యములలోని బోలు మ్రాకులే దాని నివాసములు. వలస వచ్చినవారు ఆ మ్రాకులను నరికి ఇండ్లు కట్టుకొని, వాని పొగగొట్టముల రూపమున, తాము చేయుచున్న ఉపకారమును తామెరుగకయే, దానికి మరల చీకటి బిలములను సమకూర్చిరి. నేనో, తెలిసి, కోరి, దానికొరకే నిర్మింపబడినదానను.

నా పరీక్ష యంతయు లోగోడల గరుకుదనమున నున్నది. నునుపైన లోహపు గొట్టములో దిగిన స్విఫ్టు పట్టు దొరకక జారిపడి, పైకెక్కలేక చిక్కుకొనును. నా గోడ దాని గోటికి పట్టు నిచ్చినది. ఎగురుచునే ఎండుపుల్లను కాళ్లతో విరుచుకొని వచ్చిన పక్షి, గోడకు కరచుకొని, జిగురైన తన లాలాజలమును పూసి, ఆ పుల్లను అదిమి పట్టును. పుల్లమీద పుల్లగా, సగము విరిగిన మూకుడువలె, గూడు గోడనుండి ముందునకు పెరుగును. తెల్లని గ్రుడ్లను దంపతులిరువురును వంతులవారీగా సుమారు 19 దినములు పొదుగుదురు. రెక్కలు రాకముందే పిల్లలు గూడు విడిచి నా గోడకు వరుసగా వ్రేలాడునప్పటి గోళ్ల గీకుడు నాకెంతో ప్రీతికరము. అలికిడి యైనచో పెద్దపక్షులు రెక్కలు విదిలించి గుభేలుమను ధ్వని చేయును. నా గొట్టమంతయు మారుమ్రోగును.

అరువదేండ్లు పైబడిన, చిత్రకారిణియు నైన షెర్మన్ నా మెట్లెక్కి, రంధ్రమున కన్నానించి, చూచినదెల్ల చూచినట్లు వ్రాసికొనుచుండెడిది. ఆమె సమస్త పక్షిజాతిని సమముగా ప్రేమించెనన్నచో అసత్యమగును: హౌస్ రెన్ అను పిట్ట ఇతర పక్షుల గ్రుడ్లను పొడిచి చెరచుచున్నదని ఆగ్రహించి, దానికి గూటిపెట్టెలు కట్టవలదని 1925లో తీవ్రముగా వ్రాసినది. నా లోపలివారి పట్ల మాత్రము ఆ కాఠిన్యము లేదు.

శరత్తు రాగానే నన్ను శూన్యము చేసి వారెచ్చటికి పోవుదురో ఆమెకు గాని నాకు గాని తెలియకుండెను. 1943లో ఆమె గతించెను. స్విఫ్టుల కాళ్లకు శాస్త్రజ్ఞులు తొడిగిన చిన్న లోహపు కడియములు పెరూ దేశపు అరణ్యవాసుల వద్ద లభించినవనియు, ఆ పక్షులు చలికాలమును అమెజాన్ పరీవాహక ప్రాంతమున గడపుచున్నవనియు మరుసటి యేటనే లోకమునకు వెల్లడియయ్యెను. ఒక్క సంవత్సరము! విధి పిసినారితనము దీనిని మించునా?

తరువాత నేను చోట్లు మారితిని, శిథిలమైతిని. పక్షిప్రియులు నన్ను బాగుచేసి, 2013లో అదే రాష్ట్రపు సీడర్ కౌంటీలోని ఒక సంరక్షిత వనమున మరల నిలువబెట్టిరి. నా తరువాతి తరము టెక్సాస్ మొదలగు చోట్ల పెరుగుచున్నదట: 12 అడుగుల సన్నని కొయ్య గోపురములు, లోపల గీతలు చెక్కిన పలకలు, ఒక్కొక్క దానిలో ఒక్క జంటకే కాపురము. మెట్లు లేవు. కొన్నింటిలో మెట్లకు బదులు కెమెరా నుంచిరట. దానికి మోకాళ్ల నొప్పులుండవు కాబోలు.