నా తలుపు మీది అంకె

డ్రైవరు తలుపు తీసి, అది ఆనుకునే అంచు చూడండి. అక్కడ అంటించిన చిన్న చిట్టీయే నా నుదుటి రాత. మనుషులు, సరుకు, నా ఒళ్లు అన్నీ కలిపి 10,000 పౌండ్లు, అంటే సుమారు 4,500 కిలోలు దాటకూడదు. నేను ఫోర్డ్ ఎఫ్-250 పికప్ ట్రక్కుని. ఉండేది అమెరికాలోని డెన్వర్‌లో.

మా యజమాని వడ్రంగి. పనిలోంచి తప్పుకున్నాక, ఏళ్ల తరబడి కలప మోసిన నా వీపు మీద క్యాంపర్ ఎక్కించాడు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు, మొత్తం ఒక బుల్లి ఇల్లు. వెనక మోటారు సైకిళ్ల ట్రైలర్ సరేసరి. కమాన్ కట్టలకు తోడు గాలి సంచులు, ఊగకుండా లావుపాటి స్వే బార్, ట్రైలర్ బ్రేకులకు కంట్రోలర్ బిగించారు. క్యాంపర్ నా వెనక్కి పొడుచుకొచ్చింది కాబట్టి ట్రైలర్ తగిలించే హిచ్‌కి పొడవాటి గొట్టం కూడా పెట్టారు.

"ఇక ఎంతైనా మోస్తుంది" అన్నాడు మెకానిక్. కుంగిన నడుము లేచింది కదా, మా యజమాని నమ్మేశాడు. నడుము లేచిన మాట నిజమే. కానీ ఇరుసు, బ్రేకులు, ఛాసిస్ పాతవే. గాలి నింపితే బరువు తగ్గుతుందా?

యూటా రాష్ట్రంలోని మోయబ్‌కి తొలి ప్రయాణం. 11,000 అడుగులకు పైన ఉన్న ఐజన్‌హోవర్ సొరంగం దాటగానే సిల్వర్‌థార్న్ వైపు 7 శాతం వాలు. బ్రేకు తప్పిన లారీల కోసం పక్కన కంకర పోసిన ఎత్తు దారులు ఉండేది అక్కడే. పెద్ద లారీ ఒకటి దాటిపోతే ఆ గాలికి ట్రైలర్ తోకలా కొట్టుకుంది. నా బ్రేకులు కమురు వాసన కొట్టాయి. పక్కన కూర్చున్న యజమాని భార్య, మా అమ్మగారి చెయ్యి పిడిని వదలలేదు. వాళ్లిద్దరి ప్రాణాలూ నా నాలుగు చక్రాల మీదే ఉన్నాయని ఆ రోజే నాకు వణుకు పుట్టింది.

కిందికి దిగాక, లారీలు ఆగేచోట నన్ను కాటా ఎక్కించారు. 10,700! కరపత్రంలో క్యాంపర్ బరువు 2,150 పౌండ్లే. అది ఖాళీ బరువు. 30 గ్యాలన్ల నీళ్లే 250 పౌండ్లు. గ్యాసు, బ్యాటరీ, గిన్నెలు, దుప్పట్లు కలిసేసరికి 3,000 అయింది. పైగా ట్రైలర్ తన బరువులో పదో వంతు హిచ్ మీద మోపింది.

మా యజమాని ఆ కాటా కాగితం చేత్తో పట్టుకుని చాలాసేపు నా తలుపు దగ్గరే నిలబడ్డాడు. తర్వాత నీళ్లన్నీ వదిలేశాడు. జనరేటరు, పనిముట్లు ట్రైలర్‌లోకి, దాని ఇరుసుకు కాస్త ముందుగా సర్దాడు. అక్కర్లేనివి దింపేశాడు. మళ్లీ తూస్తే 9,900. ఇప్పుడు ట్యాంకు నింపేది క్యాంపుకు చేరాకే. వాలులో చిన్న గేరు వేసి ఇంజనుతోనే వేగం అదుపు చేస్తాడు.

క్యాంపర్ కొనబోయేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. ముందు మీ బండి చిట్టీ చదవండి. సామానంతా ఎక్కించి, ఇంటిల్లిపాదీ కూర్చుని, ట్రైలర్ తగిలించి కాటా వేయించండి.