ఇరువదియైదు దినములు ఆలస్యమైన ప్రళయము

ప్రళయము తప్పినందుకు సంతోషించు జనమునే ఇన్నాళ్లు ఎరుగుదును గాని, ప్రవచనము తప్పినందుకు ఇంతగా కుములువారిని 2025 జూలైలోనే చూచితిని. ఒక జపాను బొమ్మలకథను నమ్మినవారి లెక్కను, ఆ నెల అయిదవ తేదీ వేకువ నాలుగు గంటల పదునెనిమిది నిమిషములకు జపాను, ఫిలిప్పీన్సుల నడుమ సముద్రగర్భము చీలవలసియుండెను; కెరటములు 2011 నాటి సునామికి మూడింతలై లేవవలసియుండెను. వేకువ వచ్చినది, పోయినది. సముద్రుడు ఆ బొమ్మలకథను కొని చదివిన జాడ లేదు. హాంకాంగు నుండి సెందాయికి పోవు విమానములు మాత్రము ముందుగనే తగ్గిపోయినవి. ఆ తేదీ నా ఉద్దేశము కాదని రచయిత్రి ర్యో తత్సుకియే చెప్పుకొన్నను వినిన భక్తుడు లేడు. కలగన్నయామెకంటె కలను నమ్మినవారికే కల ఎక్కువ తెలియును గదా.

అంతలో 30వ తేదీన రష్యాలోని కంచట్కా తీరమున 8.8 తీవ్రతతో భూమి కంపించెను. ఇక చూడవలెను సంబరము! ఇరువదియైదు దినములు తేడా వచ్చెనేమందురా? దైవకార్యమున అంత పట్టింపు కూడదు. దక్షిణమున చీలవలసినది ఉత్తరమున చీలెనేమందురా? దిక్కులు మనము పెట్టుకొన్నవే. మూడింతలు లేవవలసిన కెరటము జపానులోని కుజి రేవున మీటరు పైచిలుకు లేచి చల్లబడెనేమందురా? అది ప్రార్థనల ఫలము. శుక్రవారము నాడు చెన్నై నుండి వరుడు వచ్చునని పురోహితుడు చెప్పగా, నెల తిరుగువేళకు కాకినాడ నుండి తపాలావాడు వచ్చెననుకొనుడు. ఈ లెక్కను పిల్ల పెండ్లి అయినట్లే! మన ఛానెళ్లు తత్సుకికి, జోస్యురాలు వంగా పేరిట, ‘జపాన్ బాబా వంగా’ అను బిరుదును కూడ ప్రసాదించినవి.

అసలు జరుగునది వేరు. కంచట్కా క్రిందికి పసిఫిక్ భూఫలకము ఏటికి సుమారు ఎనిమిది సెంటీమీటర్ల చొప్పున దూరుచు, పై ఫలకపు అంచును తనతో క్రిందికి ఈడ్చుచు, దశాబ్దములు బిగిసియుండి, ఒకనాడు పట్టు సడలగా, ఆ అంచు ఎగసి మీది నీటినంతటిని పైకెత్తును. ఎత్తబడిన నీరు నలుదెసలకు పరుగిడుటయే సునామి. నాలుగువేల మీటర్ల లోతున అది గంటకు 700 కిలోమీటర్లు పోవుచున్నను ఓడలోనివానికి తెలియదు. తీరమున లోతు తగ్గినకొలది నడక మందగించి ఎత్తు పెరుగును. ఆ తావుననే 1952 నవంబరులో 9 తీవ్రతతో ఇదే జరిగి సెవెరో-కురిల్స్క్ పట్టణము కొట్టుకొనిపోయినది, నాడెవరు కలగనిరి? సముద్రము క్రింద భూమి కదలిన ప్రతిసారియు పెద్ద కెరటము లేవదు కూడ: 2012 ఏప్రిల్ 11న సుమత్రా చెంత 8.6 తీవ్రతతో కంపించినను, సముద్రగర్భము ప్రక్కకు జరిగినదే గాని పైకి లేవలేదు, కావున ప్రళయమునకు ఎదురుచూచినవారికి ఏమియు దక్కలేదు.

నవ్వు ఇంతటితో చాలు. 2011 మార్చి 11న జపానులో భూకంపమునకు, సునామికి పదునైదువేలమందికి పైగా చనిపోయిరి. రెండువేలు దాటినవారి జాడ నేటికిని లేదు. తత్సుకి పుస్తకపు 1999 నాటి అట్టమీద ఆ నెలయు ఆ సంవత్సరమును అచ్చుపడియుండెనని, ఆ శవములను దానికే ప్రచారపత్రములుగా చేసిరి. ఇది సిగ్గుమాలిన పని. దానిని తెచ్చి మన యిండ్లలో కుమ్మరించుట అంతకంటె సిగ్గుమాలిన పని. ఆ జపానులోనే అనెయోషి అను పల్లెలో 1933 సునామి పిదప పెద్దలు కొండవాలున ఒక రాయి నాటి, దానికి దిగువ ఇల్లు కట్టరాదని చెక్కించిరి. 2011లో నీరు ఆ రాతికి దిగువనే ఆగినది. ఆ రాతిని గూర్చి ఏ ఛానెలు చర్చ పెట్టినది?

ఇక మన సంగతి చూడుడు. 2004 డిసెంబరు 26న ఉదయము ఆరున్నరకు సుమత్రా కడ భూమి కదలగా, కెరటము మన తీరమునకు వచ్చుటకు రెండు గంటలకు పైగా పట్టినది. రెండు గంటలు! చెప్పు దిక్కులేక ఒక్క ఆంధ్రతీరముననే నూరుమందికి పైగా పోయిరి. వారు పోయినది జోస్యము కొరవడి కాదు. 2007 నుండి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సునామి హెచ్చరిక కేంద్రము, కడలి అడుగున నీటి ఒత్తిడిని కొలుచు సాధనములతో రేయింబవళ్లు కనిపెట్టుకొనియున్నది. ఆ జూలై 30న భారతతీరమునకు ముప్పు లేదని చెప్పినదియు అదియే. ఆ మాట తెర అడుగున ఒక్కసారి జారిపోవుచుండగా, పైన ఆసీనుడైయున్న జ్యోతిష్కుడు, ఆగస్టులో మరియొక గండమున్నదనియు, తేదీ మాత్రము విరామము పిమ్మట చెప్పెదననియు సెలవిచ్చుచుండెను.